ముందుకు జరిగిన ముల్లు

సూర్యుడు మునిగిపోయాడు, చీకటి ఇంకా పూర్తిగా దిగలేదు. ఈ రెంటి మధ్యా సముద్రం మీద కాస్త వెలుగు మిగులుతుంది, పనంతా అందులోనే అయిపోవాలని కోడలు వందసార్లు చెప్పింది. మరీ వెలుగుంటే చుక్కలు కనపడవు, మరీ చీకటైతే నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత కనపడదు, రెండూ కంటికి ఆనేది ఆ కాసేపే, కాబట్టి అత్తయ్యా, ఆ కాసేపూ మీరు నాతో ఏమీ మాట్లాడొద్దు, మీకు పుణ్యముంటుంది, దగ్గొచ్చినా ఆపుకోండి. ఆమె ఆపుకునే కూర్చుంది. దగ్గునైతే ఆపుకోవచ్చు, గుండెనెలా ఆపుకోవడం? పడవ వెనకవైపు చెక్కబల్ల మీద, నడుముకు తాడు కట్టుకుని, ఆ తాడు రెండో కొస ఇనుప కొక్కేనికి తగిలించుకుని, ఎడమ అరచేతిలో గడియారం, మోకాలి మీద అట్టకు బిగించిన కాగితం, చెవి మీద పెన్సిలు, మెడలో వేలాడే చిన్న ఎర్రదీపం, ఇన్ని సరంజామాల మధ్య తానెక్కడుందో తనకే తెలియనంత బిగుసుకుని కూర్చుంది. చుక్కానిని కోడలు తాడుతో కట్టేసి, తెరచాప కొయ్యకు వీపు ఆనించి, కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి నిలబడింది. కంటి దగ్గర సెక్స్‌టెంట్. పగిలిన చక్రం ముక్కకు అద్దాలూ దుర్భిణీ అతికించినట్టుండే ఆ ఇత్తడి పరికరంతో ఆ పిల్ల ఆకాశంలో ఒక చుక్కను పట్టుకుంటుంది, మెల్లగా కిందికి దించుతుంది, దూరాన ఆ గీత మీద కూర్చోబెడుతుంది. చుక్క గీతను తాకిన క్షణాన "ఆఁ" అంటుంది. ఆ క్షణాన గడియారం ఏమంటోందో ఆమె పైకి చదవాలి. సెకన్లు ముందు, తర్వాత నిమిషాలు, ఆఖర్న గంట. సెకన్ల ముల్లు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి ముందు దాన్నే పట్టుకోవాలట.

"ఆఁ!"

"నలభై రెండు... పదకొండు... ఏడు."

తన గొంతే. కానీ బస్టాండులో మైకులోంచి వచ్చే గొంతులా, ఎవరికో ఏదో బండి వెళ్ళిపోతోందని చెప్పే గొంతులా వినపడింది. రాసుకుంది. స్వాతి, పడమర వైపు, అని చుక్క పేరు కూడా పక్కనే రాసింది. అలలు పెద్దవేమీ కాదు, అయినా పడవ ఒక్కోసారి అడుగు జారిన మనిషిలా తూలుతోంది. రేవులో కాపలాదారు నవ్వుతూ అన్నాడు, ఏమ్మా, అత్తాకోడళ్ళు ఒకే పడవలో బయల్దేరారు, ఎవరిని ఎవరు తోసెయ్యడానికి? అని. కోడలు తాళ్ళు విప్పుతూనే, ముందు ఎవరికి నిద్రొస్తే వాళ్ళని, అంది. అతను పడీపడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది గానీ నవ్వుతూనే కాపలాదారు ముఖం కేసి తేరిపార చూసింది, ఒడ్డు మీద తాను చివరగా చూసే ముఖం ఇదే అయితే అని. అలా చూడడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఏ గుమ్మం దాటినా, ఎవరు దాటినా, చివరి చూపన్నట్టే చూస్తుంది. చెల్లెల్ని పిల్లలు లేని పిన్నికి పెంపకానికి ఇచ్చేసిన రోజున లారీలో బల్లలూ కుర్చీల మధ్య ఆ పిల్ల కూర్చుని బెల్లంముక్క చప్పరిస్తూ చెయ్యి ఊపింది, తాను మాత్రం చెయ్యి ఊపకుండా చూస్తూ ఉండిపోయింది, ఊపితే వెళ్ళిపోవడానికి ఒప్పుకున్నట్టవుతుందని. ఆయన్ని చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోయినప్పుడు ఆసుపత్రి తలుపులు రెండూ కాసేపు ఇటూ అటూ ఊగి, ఊగి, ఆగిపోయాయి. మనిషి కంటే ఆ తలుపులే ఎక్కువ గుర్తున్నాయి. ఇప్పుడు తల మీద తెరచాప అడుగుదూలం కొంచెం అటూ కొంచెం ఇటూ ఊగుతోంది, దాని వంక చూడకూడదు, గడియారం వంకే చూడాలి.

"తర్వాతిది అభిజిత్తు. ఈశాన్యంలో. సిద్ధంగా ఉన్నారా, టైమాఫీసరు గారూ?"

మాట్లాడొద్దంది కాబట్టి ఆమె తల ఊపింది. వీపు ఇటు పెట్టి నిలబడ్డ మనిషికి తల ఊపితే ఎలా కనపడుతుంది? "ఉన్నాను, ఉన్నాను," అంది కంగారుగా. ఆ బిరుదు కోడలిచ్చిందే. నావికుల బడిలో కుర్రాళ్ళకు చుక్కల లెక్కలు చెప్పే మనిషి, ఇంటికొచ్చాక కూడా ఎవరికో ఒకరికి ఏదో ఒక ఉద్యోగం ఇవ్వకపోతే తోచదు. జేబులో ఫోనుండగా ఈ ఇత్తడి సామానెందుకు మేడమ్ అని వాళ్ళు ఇకిలిస్తే, ఫోను నీళ్ళలో పడితే దాన్నడిగి దారి తెలుసుకుంటారా నాయనలారా అంటుందట. కోడలు. కోడలు అనడానికి ఇప్పుడు వరసైతే ఏమీ మిగల్లేదు. కొడుకు ఇంకో ఇల్లు చూసుకున్నాడు. కోర్టు కాగితాల మీద సంతకాలైపోయిన సాయంత్రం, అమ్మా నువ్వు నాతోనే కదా అని వాడు కారు తలుపు తెరిచి నిలబడితే, ఆమె తన పెట్టె పట్టుకుని తిన్నగా వెళ్ళి కోడలి స్కూటరు వెనక కూర్చుంది. ఎందుకలా చేసిందో ఎవరికీ చెప్పలేదు, ఎవరైనా అడిగితే, దాని వంట బావుంటుందండీ అనేది. దాని వంట నోట్లో పెట్టలేం. వాడు వెళ్ళిపోయే ముందు వంటింటి గుమ్మంలో నిలబడి ఒక మాటన్నాడు. నీ భయంతో ఇల్లంతా నిండిపోయిందమ్మా, మాకు నిలబడడానికి చోటు లేకుండా పోయింది. నిజమేనేమో. వాడు స్కూలుకెళితే రోడ్డు, ఈతకెళితే నీళ్ళు, జ్వరమొస్తే అదీ, నవ్వితే దిష్టీ. వాడికో మనిషిని తెచ్చి కట్టబెట్టాక ఆ మనిషి కోసం కూడా భయపడింది. భయం ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోసుకునేదే తప్ప ఒలికిపోయేది కాదు.

"ఆఁ!"

"ఎనిమిది... పదహారు... ఏడు."

మూడోది జ్యేష్ఠ, ఎర్రగా, ఆగ్నేయంలో. అక్కడ ఆకాశం అంచున పల్చటి మబ్బొకటి ప్రాకుతోంది. కోడలు నోట్లో ఏదో గొణుక్కుంటోంది, రా తల్లీ, రా, దిగు, ఇంకొంచెం, అని బువ్వ తినని పిల్లను బుజ్జగించినట్టు. ఆ పిల్లకు చుక్కలంటే భయం లేదు, నీళ్ళంటే భయం లేదు, ఒంటరితనమంటే భయం లేదు. వచ్చే నెల ఇదే పడవ మీద ఒక్కతే మహాసముద్రం దాటుతుంది, ఉత్త చుక్కలు చూసుకుంటూ. ఆ ప్రయాణానికి ఇది పరీక్ష, ఎవరూ పెట్టనిది, తనకు తాను పెట్టుకున్నది. దారి చూపే యంత్రమూ, ఫోనూ రెండూ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూతకు చుట్టూ టేపు అంటించి, పడవ లోపలి అల్మారాలో పడేసింది. అత్తయ్యా, మనం వెళ్ళే ద్వీపం చేరేలోపల ఆ డబ్బా తెరిచానంటే నాకీ విద్య రానట్టే, రాని విద్యతో అంత దూరం పోను, ఒట్టు. ఆ ఒట్టు విన్న రోజు నుంచీ డబ్బా ఆమె కళ్ళల్లో మెదులుతూనే ఉంది. కూర తరుగుతుంటే డబ్బా, తల దువ్వుకుంటుంటే డబ్బా. ఒక్క టేపు ముక్క. గోరుతో లాగితే వచ్చేస్తుంది. లాగితే ఆ పిల్ల ఇంట్లోనే ఉంటుంది.

"ఆఁ! పట్టాను! మబ్బు పట్టేలోపల పట్టాను, చూశారా!"

"యాభై ఒకటి... ఇరవై ఒకటి... ఏడు," అంది ఆమె. ఇరవై ఒకటేనా? ముల్లు ఇరవై రెండుకు దాదాపు ఆనుకునే ఉంది, సెకన్లు చివరికొచ్చినప్పుడు అలాగే ఉంటుంది, తెలుసు. రాసింది. వేళ్ళు కొంకర్లు పోయాయి.

కోడలు ఒక్క గెంతున దిగి కాగితం లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల దీపం కింద పట్టికల పుస్తకం పేజీలు తిరుగుతున్న చప్పుడు, స్కేలు జరుగుతున్న చప్పుడు. పైన ఆమె ఒక్కతే. వెలుగు చూస్తుండగానే పోయింది. ఇందాకటి గీత చెరిగిపోయింది, ఇప్పుడు నీళ్ళెక్కడ ఆగి ఆకాశమెక్కడ మొదలవుతోందో తెలియదు, నల్లటి సంచీలో వేసి మూతి బిగించినట్టుంది. పడవ ముక్కు తూర్పుకు పెట్టుకుని ఆ నలుపులోకి సాగిపోతోంది. ముందెక్కడో నీటి కింద రాళ్ళదిబ్బ ఉంది. పటం మీద దాన్ని ఆమె రోజూ చూస్తోంది, చిన్నచిన్న ఇంటూ గుర్తులు, చీమలు పట్టిన బెల్లంముక్కలా. మోకాలి లోతు నీళ్ళు, దాని కింద కత్తుల్లాంటి రాళ్ళు, దీపస్తంభం లాంటిదేమీ లేదు. కోడలి దగ్గరున్న సముద్రపు పుస్తకాలన్నీ ఆమె కూడబలుక్కుంటూ చదివేసింది, అందులోనూ ఓడలు మునిగినవి ఏరి ఏరి చదివింది. ఆ పుస్తకాల్లో అందరూ ఒకేలా మునుగుతారు. మునిగే ముందు భోంచేస్తూనో, పేకాడుతూనో, దీపం కింద కూర్చుని లెక్కలు కడుతూనో ఉంటారు.

"అత్తయ్యా, వచ్చి త్రికోణం చూడండి!" మెట్ల దగ్గర ముఖం కనపడింది, వెలిగిపోతోంది. "మూడు చుక్కలు మూడు గీతలిస్తాయని చెప్పానా? మూడూ కలిసే చోటే మనమున్నట్టు, అక్కడి త్రికోణం ఎంత చిన్నదైతే అంత కచ్చితం. ఇదేమో గోరంత! ఎప్పుడూ ఇంత చిన్నది రాలేదు నాకు. మా కుర్రాళ్ళకు ఫ్రేము కట్టి చూపించాలి. రాళ్ళు ఇంకా ఇరవై మైళ్ళు పైమాటే. రెండు గంటలు హాయిగా ఇలాగే పోయి, తర్వాత దక్షిణానికి తిప్పుకుంటాను."

"ఇరవై మైళ్ళా? మధ్యాహ్నం నువ్వు అంత దూరం లేదన్నావు."

"అది అంచనా అత్తయ్యా, వేగాన్ని బట్టి వేసింది. చుక్కలేమో మనం ఇంకా వెనకే ఉన్నామంటున్నాయి. ఎదురు ప్రవాహం ఉండి ఉంటుంది, వెనక్కి నెట్టింది. అంచనా కన్నా చుక్కలే నిజం." అనేసి మళ్ళీ లోపలికి పోయింది, ఈలపాట వేసుకుంటూ.

ఎదురు ప్రవాహం. ఆమె ఆ మాటను నోట్లో రాయిలా అటూ ఇటూ తిప్పింది. పొద్దుటి నుంచీ నీళ్ళు పడవ పక్కన జోరుగా వెనక్కి పరుగెడుతూనే ఉన్నాయి, గాలి పక్కనుంచి ఒక్క తీరుగా కొడుతూనే ఉంది. ప్రవాహం నీళ్ళలో కనపడదట, నిజమే, నీళ్ళతో పాటు మనమూ పోతాం కాబట్టి తెలియదట. కానీ కోడలే చెప్పిన ఇంకో సంగతి ఉంది. చుక్కలు తూర్పునుంచి పడమరకు పరుగెడుతుంటాయి, అందుకని గడియారం ఒక్క నిమిషం తప్పితే మనం పటం మీద పదిహేను మైళ్ళు తప్పుతాం. గడియారం ముందుకు పోతే మనం వెనకున్నట్టు కనపడతాం. ముందుకు పోతే, వెనక. ఆమె అరచేతిలో గడియారం ఉలికిపడ్డట్టయింది, పడవ తూలిందంతే. తెల్లవారుజామున ఈ గడియారం ఆగిపోయింది. రోజూ సాయంత్రం కీ ఇచ్చేది తానే, నిన్న కడుపులో తిప్పి వాంతులతో పడుకుని మరిచిపోయింది. పొద్దున చూస్తే ముళ్ళు నిద్రపోతున్నాయి. కోడలు రాత్రంతా కాపలా కాసి అప్పుడే పడుకుంది, లేపబుద్ధి కాలేదు. రేడియోలో గంట గంటకీ వార్తలకు ముందు టిక్కులు వస్తాయి, ఐదు పొట్టివి, ఆరోది పొడుగ్గా. కీ ఇచ్చి, సెకన్ల ముల్లు పైకొచ్చాక ఆ కీ పిన్నునే బయటికి లాగి ఆపింది, నిమిషాల ముల్లును సరిగ్గా పన్నెండు మీద కూర్చోబెట్టింది, రేడియో చెవికి ఆనించుకుని ఆరో టిక్కు కోసం కాచుకుంది. ఎదురు బల్ల మీద ఆ పిల్ల నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది, చెంప కింద చెయ్యి పెట్టుకుని. వచ్చే నెల ఇలా నిద్రపోతుంటే చూసేవాళ్ళుండరు, కప్పేవాళ్ళుండరు, నిద్రలోనే పడవ బోర్లా పడినా పిలిచేవాళ్ళుండరు, అనుకుంది. కళ్ళు నిండాయి. ఆరో టిక్కు వచ్చింది, నొక్కేసింది. సెకన్ల ముల్లు చక్కగా కదిలింది. నొక్కిన అదురుకు నిమిషాల ముల్లు కొంచెం ముందుకు జరిగినట్టనిపించింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి అది నడుస్తోంది, ఎక్కడి నుంచి బయల్దేరిందో తెలియదు. వెంట్రుకవాసి జరిగిందా, ఒక గీత జరిగిందా? లేచాక చెబుదామనుకుంది. లేస్తూనే ఆ పిల్ల పెద్ద ప్రయాణానికి కట్టుకోవలసిన సామాను గురించి మొదలుపెట్టింది, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక దుప్పటి, అన్నీ ఒక్కొక్కటే. చెప్పవలసింది గొంతులోనే ఉండిపోయింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఏమని చెబుతుంది? ఈ నాలుగు రోజుల్లో ఆమె ఎన్నిసార్లు అరిచిందో లెక్క లేదు. పడవ అడుగున చిల్లు పడిందంది, అది మంచినీళ్ళ క్యాను కారడం. గ్యాసు వాసనంది, ఉల్లిపాయలు కుళ్ళాయి. ఏదో పెద్ద జంతువు వెంటబడుతోందంది, అది వాళ్ళ పడవ నుంచి జారి తాడుతో ఈడ్చుకొస్తున్న బకెట్టు. ప్రతిసారీ కోడలు లేచి వచ్చి, చూసి, నవ్వి, వెళ్ళి పడుకుంది. ఇప్పుడు గడియారం అంటే మళ్ళీ నవ్వుతుంది. నవ్వితే పరవాలేదు. నవ్వకపోతేనే భయం. నవ్వకుండా, ఓహో, డబ్బా తెరిపించడానికా ఇదంతా అని చూస్తే? గడియారం నమ్మకం లేదంటే రాళ్ళెక్కడో తెలుసుకోవడానికి డబ్బా తెరవాలి, తెరిస్తే ఒట్టు పోయింది, ప్రయాణం పోయింది. తన మనసులో ఉన్నదీ అదే కదా? అదే అయితే, ఈ అనుమానం నిజంగా ముల్లు జరిగినందుకు పుట్టిందా, ఆ పిల్ల వెళ్ళకూడదని పుట్టిందా? తన భయాన్ని తానే నమ్మలేకపోవడం ఆమెకు ఇదే మొదలు. ఇన్నేళ్ళూ అదొక్కటే తోడుగా ఉంది, ఇప్పుడు దాని ముఖం కేసి చూస్తే ఎవరో పరాయిదానిలా ఉంది. చీకట్లోకి చెవులు రిక్కించింది. రాళ్ళ మీద నీళ్ళు విరిగితే చప్పుడొస్తుందంటారు, దూరాన బండి వెళుతున్నట్టు. ఉందా? గాలి. తెరచాప అంచు కొట్టుకుంటోంది. తాడు కిర్రుమంది. దాని వెనక, ఇంకా వెనక, ఏదో మూలుగుతోందా? తన చెవిలో రక్తమే మూలుగుతోందా? నీళ్ళు పరుగెడుతూనే ఉన్నాయి, ఆమె మాట్లాడని ప్రతి క్షణమూ పడవ కింద నుంచి జారి వెనక్కి పోతోంది. వాడు గుమ్మంలో అన్న మాట మళ్ళీ వినపడింది. చెబితే ఈ పిల్ల కూడా ఆ మాటే అంటుంది. అంటే అననీ. మాటన్న మనిషి బతికుంటాడు, ఎక్కడో ఒకచోట అన్నం తింటుంటాడు, అలిగి ఫోను ఎత్తకపోయినా అవతల మోగుతుంటుంది.

"అమ్మాయ్!"

"ఊఁ."

"పడవ ఆపు."

లోపల ఈలపాట ఆగింది. "ఏమైంది? మళ్ళీ బకెట్టేనా?"

"పొద్దున గడియారం ఆగిపోయింది. కీ ఇవ్వడం మరిచాను. టిక్కులు విని నేనే మళ్ళీ పెట్టాను."

కోడలు మెట్లెక్కి వచ్చింది. చేతిలో పెన్సిలు అలాగే ఉంది. "ఆగిపోయిందా? పొద్దుటి నుంచీ చెప్పకుండా కూర్చున్నారా?"

"చెబుదామనే. నువ్వు కంచం గ్లాసు అంటుంటే..."

"సరే, టిక్కులకే కదా పెట్టారు. సరిగ్గానే ఉంటుంది."

"సెకన్లు సరిగ్గానే ఉన్నాయి. నొక్కేటప్పుడు పెద్దముల్లు జరిగింది."

"ఎటు?"

"ముందుకు."

ఎర్రదీపం వెలుగులో ఆ పిల్ల ముఖం ఒక పక్కే కనపడుతోంది. "జరిగిందా, జరిగిందనిపించిందా?"

"తెలియదు."

"తెలియదు." కోడలు పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది, మళ్ళీ తీసింది. "అత్తయ్యా, ఒక్కటడుగుతాను, నిజం చెప్పండి. ఆ డబ్బా తెరిపించాలనేనా? తెరిస్తే నేను వెళ్ళనని మీకు తెలుసు. అడగొచ్చుగా తిన్నగా, వెళ్ళకే అని. గడియారం మీద పెట్టడం దేనికి?"

అనేసింది. అనుకున్న మాటే, అనుకున్నంత మెత్తగా లేదు. లోపల అల్మారాలో ఉన్న డబ్బా ఇక్కడికి కనపడుతున్నట్టే ఉంది, టేపు కొసతో సహా. ఆ పిల్ల చెయ్యి చాస్తే చాలు. తానేం చెయ్యనక్కర్లేదు, ఊరికే తల దించుకుని కూర్చుంటే చాలు, భయపడి ఆ పిల్లే తెరుస్తుంది.

"డబ్బా జోలికి పోకు," అంది ఆమె. "నేను తెరవమన్నానా? ముట్టుకున్నావంటే ఊరుకోను. పడవ ఆపు, అంతే. వార్తలొచ్చేదాకా ఇక్కడే ఉందాం. టిక్కులు విని ముల్లు చూద్దాం. అది సరిగ్గా ఉంటే నోరారా తిట్టి, మళ్ళీ తెరచాప ఎత్తు."

కోడలు ఆమె వంక చూసింది. ఎన్నేళ్ళుగానో ఒకే ఇంట్లో తిరుగుతున్న మనిషిని మొదటిసారి చూసినట్టు, సెక్స్‌టెంటు లోంచి చూసినంత జాగ్రత్తగా చూసింది. తర్వాత వెళ్ళి తాళ్ళు లాగింది, చుక్కాని ఎదురుగా తిప్పి కట్టింది. ముందు తెరచాప వెనక్కి తిరగబడింది, పడవ పెద్దగా ఒకసారి ఒరిగి, గాలికి భుజం అడ్డం పెట్టుకున్నట్టు నిలబడిపోయింది. పరుగెడుతున్నప్పటి చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా పోయాయి.

ఆగితే భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు. ఆగిన పడవ పూర్తిగా ఆగదని, మెల్లగా ఏదో ఒక పక్కకు జరుగుతూనే ఉంటుందని తెలుసు, ఏ పక్కకో ఈ చీకట్లో తెలియదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, రేడియో ఇద్దరి మోకాళ్ళ మధ్య. అందులో ఎవరో సబ్బు గురించి పాడుతున్నారు. ఎక్కడో ఒడ్డు మీద, దీపాలున్న గదిలో, ఎవరో ఈ సబ్బు పాట విని విసుక్కుంటూ లేచి పొయ్యి ఆర్పుతుంటారు. వాళ్ళకు కాళ్ళ కింద నేల ఉంది. ఉందని వాళ్ళకు తెలియదు కూడా. కోడలి భుజం తన భుజానికి తగులుతోంది, అది గట్టిగా, కర్రలా ఉంది. కోపమా? భయమా? ఈ పిల్లకు భయమొస్తే ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు కాబట్టి పోల్చుకోలేకపోయింది. ముల్లు సరిగ్గా ఉండాలని మొక్కుకుంది. వెంటనే, సరిగ్గా ఉంటే ఈ పిల్ల తనను ఇంకెప్పుడూ నమ్మదే అనుకుంది. సరిగ్గా లేకపోతే? లేకపోతే రాళ్ళు ఇక్కడే, ఈ చీకట్లోనే, అరిస్తే వినపడేంత దూరంలో. ఏ మొక్కూ పూర్తిగా మొక్కుకోలేక మధ్యలో వదిలేసింది. అప్పుడు పాట ఆగింది. గరగరమంది. కోడలు గడియారం మీదికి దీపం వంచింది.

టిక్. టిక్. టిక్. టిక్. టిక్.

ఆరోది పొడుగ్గా మోగింది. సెకన్ల ముల్లు సరిగ్గా పైన. గంట ముల్లు ఎనిమిది మీద. పెద్దముల్లు పన్నెండు దాటి, దాని పక్క గీత మీద, ఎవరో కొలిచి పెట్టినట్టు నిలబడి ఉంది.

వార్తలు చదివే మనిషి నింపాదిగా ఎవరివో సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ రేడియో కట్టెయ్యలేదు. కోడలు లోపలికి దిగింది, ఈసారి ఈల లేదు. ఆమె కూడా తాడు విప్పుకుని, ఒక్కో మెట్టూ పట్టుకుని, వెనకే దిగింది. ఆ పిల్లను చూపులో ఉంచుకోవాలంతే, ఇంకేమీ కాదు. మూడు కొలతల్లోంచీ ఒక్కో నిమిషం తీసేసి కోడలు మళ్ళీ లెక్క కట్టింది. కొలిచిన కోణాలు మాత్రం ముట్టుకోలేదు, వాటి తప్పేమీ లేదు. గీతలు మళ్ళీ గీసింది. అదే గోరంత త్రికోణం, ఒక్క పిసరు పెరగలేదు, కానీ ఆ పిల్ల పెన్సిలు కింద అది పటం మీద తూర్పుకు గబగబా నడిచి వెళ్ళి, ఇంటూ గుర్తుల పక్కన ఆగింది. కోడలు దాన్ని వేలితో కప్పింది. వేలు కింద త్రికోణమూ ఉంది, రాళ్ళూ ఉన్నాయి. వేలు తియ్యకుండా అలా కొంతసేపు ఉండిపోయింది. తర్వాత పైకి పరుగెత్తి చుక్కాని విప్పి పడవను దక్షిణానికి తిప్పింది. తిప్పుతుంటే తాడు రెండుసార్లు జారింది. ఆమె కూడా మెట్లెక్కి వచ్చి తన బల్ల మీద కూర్చుంది.

దూరంగా, ఎడమ పక్కన, ఏదో మూలుగుతోంది. ఈసారి ఇద్దరూ విన్నారు. తల తిప్పి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది చాలాసేపు వాళ్ళ వెంటే వచ్చింది, తర్వాత వెనకబడింది.

"అత్తయ్యా."

"ఊఁ."

"త్రికోణం అంత చక్కగా వస్తే ఇంక నేను దేన్నీ అనుమానించలేదు. ప్రవాహమని నాకు నేనే చెప్పేసుకున్నాను." గొంతు మెల్లగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. "అక్కడ ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇలాంటిదైతే? నాకెవరు చెబుతారు?"

ఆ ముఖంలో భయం ఎలా ఉంటుందో ఆమె అప్పుడు చూసింది. తెలిసిన ముఖంలానే ఉంది, అద్దంలో రోజూ చూసుకునేదే. వెళ్ళకే అమ్మా, అన్న మాట నాలుక చివరకు వచ్చింది. ఏడాదిగా ఆ మాట నోట్లో నానుతూనే ఉంది. ఇవాళ అంటే ఈ పిల్ల వింటుంది, డబ్బా అక్కర్లేదు, ఒట్టూ అక్కర్లేదు. విని, బడికి వెళుతుంది, వస్తుంది, నోట్లో పెట్టలేని కూర వండుతుంది, సాయంత్రం మేడ మీదికెళ్ళి తల ఎత్తి నిలబడుతుంది. ఏటేటా కాస్త తక్కువసేపు నిలబడుతుంది. ఆ మాట ఎంత దగ్గరగా ఉందంటే దాన్ని మింగడానికి ఆమె నిజంగానే గుటక వెయ్యవలసి వచ్చింది.

"రెండు గడియారాలు పట్టుకెళ్ళు," అంది. "రెండూ ఒకే మాట చెబితేనే నమ్ము."

"రెండూ కొట్టుకుంటే?"

"మూడోది చూడు."

"మూడూ మూడు రకాలుగా చెబితే?"

"అప్పుడు పడవ ఆపేసి, భయపడుతూ కూర్చో," అంది ఆమె. "ఇవాళ కూర్చున్నాం చూడు, అలాగ."